పది నిమిషాల పాండిత్యం

"ఆడగా ఆడగా అదే వస్తుంది" అన్న మాట చదరంగం విషయంలో పచ్చి అబద్ధమని నా అభియోగం. ఈ మాటను గౌలిగూడలో ఇరుగుపొరుగుల నోట విన్నాను. కోఠీలో పుస్తకాల కొట్ల ముందు విన్నాను. అంతర్జాలంలో ఆడే మిత్రుల నోట అయితే వారానికి నాలుగుసార్లు వింటున్నాను. వాదన బలహీనపడిన చోట వేమన్న వేపాకును కూడా సాక్ష్యానికి పిలుస్తారు. తినేవాడి నాలుకకు చేదు అలవాటు కావచ్చును గాని, వేపచెట్టును గురించిన జ్ఞానం కూడా దానంతటదే అబ్బుతుందని వేమన్న ఎక్కడా హామీ ఇవ్వలేదు.

నేను మాట్లాడుతున్నది పోటీలకు వెళ్ళే పిల్లల గురించి కాదు, వారి గురువుల గురించి అంతకన్నా కాదు. ఉద్యోగమో చదువో ముగించుకొని, భోజనం చేసి, ఫోను చేతపట్టి, ఎక్కడో బ్రెజిల్లోనో పోలండులోనో ఉన్న అపరిచితుడితో పది నిమిషాల ఆట ఆడే నా బోటి ఔత్సాహికుల గురించి. వీరిలో చాలామందికి నిజంగా ఆట మెరుగుపరచుకోవాలని ఉంటుంది. అందుకోసం వారు చేసే పని ఒక్కటే: ఇంకో ఆట ఆడటం. ఓడితే పగ తీర్చుకోవడానికి, గెలిస్తే ఊపు పోకుండా ఉండటానికి. రాత్రి ఒంటిగంటకు ఫోను పక్కన పెట్టి, "ఈవేళ పదిహేను ఆటలు సాధన చేశాను" అనుకుంటారు. అది సాధన కాదు. తెలిసిన తప్పులనే పదిహేనుసార్లు వల్లె వేయడం.

ముందుగా పేరు సంగతి తేల్చుకుందాం. అంతర్జాలంలో పది నిమిషాల ఆటకు ర్యాపిడ్ అని పేరు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే, లెక్క వేరు. ఒక్కొక్కరికి 10 నిమిషాలకు మించి, 60 నిమిషాలకు లోపు ఉంటేనే అది ర్యాపిడ్. 10 నిమిషాలు గాని అంతకు తక్కువ గాని అయితే అది బ్లిట్జ్, అంటే మెరుపు ఆట. ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు ఇస్తారు, ఆ పైన ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు కలుపుతారు. అరవై ఎత్తుల ఆట అనుకుంటే మనిషికి ఇరవై అయిదు నిమిషాలు వచ్చినట్టు. మనం రోజూ ర్యాపిడ్ అనుకుంటూ ఆడుతున్నది అందులో సగం కూడా లేదు. కొలబద్దను కురచ చేసి, పొడుగు పెరగలేదేమని బెంగపడుతున్నామన్నమాట.

వేగానికి నేను శత్రువును కాను. చదరంగం శతాబ్దాలుగా వేగం పుంజుకుంటూనే వచ్చింది. మన ఇళ్ళలో పెద్దలు ఆడిన పాత పద్ధతిలో బంటు తొలి అడుగులోనూ ఒక్క గడే నడిచేది. రాజు మాత్రం ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఐరోపాలో పదిహేనో శతాబ్ది చివర మంత్రికి బల్లంతా ఏలే బలం వచ్చేదాకా అది మూలకు ఒక్క గడి మాత్రమే కదిలే నీరసపు పావు. సత్యజిత్ రాయ్ 1977లో తీసిన 'శత్రంజ్ కే ఖిలాడీ'లో ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో ఆడితే ఆట త్వరగా తేలిపోతుందని ఒక పాత్ర నవాబు దొరలకు వివరిస్తుంది. కాబట్టి ఆట త్వరగా తేలడంలో పాపమేమీ లేదు. త్వరగా నేర్చుకోవచ్చునన్న ఆశ దగ్గరే నా పేచీ.

మా మేడమీద గదిలో అద్దెకుండే కుర్రవాడొకడున్నాడు. కోఠీలో పోటీ పరీక్షల శిక్షణకు వెళుతుంటాడు. రెండేళ్ళుగా రాత్రిళ్ళు చదరంగం ఆడుతున్నాడు. అతని రేటింగు రెండేళ్ళుగా ఒకే అంకె చుట్టూ గానుగెద్దులా తిరుగుతోంది. మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్ళబోతూ, "నాకు అసలు బుర్రే లేదండీ అంకుల్, పరీక్షల్లోనూ అంతే, ఇందులోనూ అంతే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. ఎవరో లెక్కకట్టిన నాలుగంకెల సంఖ్య ఒక ఇరవై రెండేళ్ళ మనిషి చేత తన బుద్ధి మీద తీర్పు చెప్పిస్తోంది. ఆ తీర్పును నేను ఒప్పుకోను.

ఆ సంఖ్య పుట్టుపూర్వోత్తరాలు చూడండి. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో దాన్ని రూపొందించాడు. ఫిడే 1970లో దాన్ని స్వీకరించింది. నేటి అంతర్జాల వేదికలు వాడేవి దాని వారసులే. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు నూటికి సుమారు 76 పాయింట్లు సంపాదిస్తాడని దాని అంచనా. అంటే అది ప్రత్యర్థితో పోల్చి చెప్పే సంభావ్యత మాత్రమే. ఆటగాడి రేటింగును కొలవడమంటే గాలికి ఊగే తాడుకు కట్టిన గజంబద్దతో నీటి మీద తేలియాడే బెండు ముక్క స్థానాన్ని కొలవడం వంటిదని ఎలో గారే పోల్చి చెప్పాడు. సృష్టికర్త బెండు ముక్క అన్నదాన్ని మనం శిలాశాసనం అనుకుంటున్నాము.

ఇంకో తిరకాసు ఉంది. వేదిక మీకు ఎప్పుడూ మీ సంఖ్యకు దగ్గరివాడినే వెతికి జత చేస్తుంది. మీరు కొంచెం మెరుగైతే ప్రత్యర్థి కూడా కొంచెం గట్టివాడు వస్తాడు. కనుక మీరు ఎంత ఎదిగినా రెండు ఆటల్లో ఒకటి ఓడుతూనే ఉంటారు! పదేళ్ళ తరువాత కూడా రాత్రి పడుకోబోయే ముందు సగం ఓటములే గుర్తుంటాయి. పైగా అందరూ కలిసి మెరుగైతే అందరి సంఖ్యలూ ఉన్నచోటే ఉంటాయి. మెట్లెక్కేవాడి కాళ్ళ కింద మెట్లే కిందికి జారుతుంటే, అతను కదలడం లేదని చూసేవాడికి అనిపిస్తుంది. ఎక్కేవాడికి కూడా అలాగే అనిపించడం ఇందులోని విషాదం.

సరే, ఆ కుర్రవాడు ఊరి నుంచి తిరిగి వచ్చాక ఇద్దరం కూర్చుని అతను ఓడిన ఆటలు తిరగేశాము. ఎందుకు ఓడుతున్నావని అడిగితే "టైం చాలదు అంకుల్" అన్నాడు. ఆటలు చూస్తే గడియారం చేతిలో ఓడినవి వేళ్ళ మీద లెక్కించవచ్చు. మిగిలినవాటిలో అతను చేతులెత్తేసేటప్పటికి గడియారంలో అయిదేసి, ఆరేసి నిమిషాలు మిగిలే ఉన్నాయి. గుర్రాన్ని దిక్కులేకుండా వదిలేసిన ఎత్తుకు అతను పెట్టిన సమయం రెండు సెకన్లు! సమయం చాలక కాదు, ఉన్న సమయాన్ని ఏ గడి మీద ఖర్చు పెట్టాలో తెలియక ఓడుతున్నాడు. ప్రత్యర్థి ఎత్తు వేయగానే "ఇతను ఇప్పుడు ఏం చేయబోతున్నాడు" అన్న ఒక్క ప్రశ్న వేసుకోకుండా తన పథకంలోనే మునిగి ఉండటం వేగం సమస్య కాదు. మూడు గంటలిచ్చినా అతను ఆ గుర్రాన్ని అలాగే వదిలేవాడు, కాకపోతే కాస్త తీరిగ్గా వదిలేవాడు.

వేగం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి మా గౌలిగూడ కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. విమానాల కోసమని నిజాము కాలంలో తెప్పించిన రేకుల హ్యాంగరు కింద బస్సులు ఆగిన పేట ఇది. ఆ హ్యాంగరు 2018 జూలై 5న కూలిపోయింది గాని, దాని చుట్టూ ఉన్న సందులకు ఏమీ కాలేదు. పుత్లీబౌలి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఈ గల్లీల్లో పుట్టి పెరిగినవాడు చీకట్లో, వానలో, ఫోనులో మాట్లాడుకుంటూ కూడా నేను పావుగంటలో వెళ్ళే చోటికి అయిదు నిమిషాల్లో చేరతాడు. అతను పరుగెత్తడు, ఎక్కడా ఆగడంతే. కొత్తవాడు ఆ సందుల్లో పరుగెత్తితే మరింత త్వరగా దారి తప్పుతాడు.

డచ్చి మనస్తత్వవేత్త అద్రియాన్ డి గ్రూట్ 1946లో ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే. మహా ఆటగాళ్ళు మామూలువాళ్ళకంటే మరీ ఎక్కువ ఎత్తుల దూరం ముందుకు లెక్క వేయరు. లెక్క వేయదగిన ఎత్తు ఏదో వారికి చూడగానే తడుతుంది. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం చేశారు. నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపితే ఆరితేరినవాడు మామూలువాళ్ళకంటే ఎంతో ఎక్కువ పావులను సరిగ్గా తిరిగి పేర్చాడు. పావులను ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపితే అతని ఆధిక్యం దాదాపు మాయమైపోయింది. అతనికున్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, సందులతో పరిచయం. ఆ పరిచయం ఎలా కలుగుతుంది? 2005లో నీల్ చార్నెస్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆటగాడి బలంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి ఉన్నది పోటీల్లో ఆడిన గంటలు కాదు. ఒంటరిగా కూర్చుని శ్రద్ధగా చదివిన గంటలు. "ఆడగా ఆడగా" వాదులు దీనికి ఏం జవాబు చెబుతారో వినాలని ఉంది.

ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. బల్ల మీద ఇరువైపులా రాజులు, మీకొక బంటు మిగిలింది. మీ రాజు బంటుకు ముందు నిలిచి, మీ వైపు నుంచి ఆరో వరుసకు చేరితే, అది అంచు బంటు కానంతవరకు, ఎత్తు ఎవరిదైనా గెలుపు మీదే. ఈ ఒక్క వాక్యం తెలిసినవాడికి గడియారంలో ఇరవై సెకన్లు మిగిలినా చాలు. తెలియనివాడు నాలుగు నిమిషాలు లెక్కలు కట్టి, బంటును ముందుకు తోసి, చేతిలోని ఆటను సమం చేసుకుంటాడు. ఏనుగుల అంత్యక్రీడలో ఓడిపోయేవాడిని కాపాడే ఫిలిదోర్ రక్షణ కూడా ఇలాంటిదే. పద్దెనిమిదో శతాబ్ది నుంచి పుస్తకాల్లో ఉంది, నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. ర్యాపిడ్‌లో జ్ఞానమంటే నిల్వ చేసిన సమయమే. ఎప్పుడో ఒక ఆదివారం పెట్టిన గంట ఆట చివర మూడు నిమిషాలై చేతికి వస్తుంది.

అయితే మన ఔత్సాహికుడు ఆ సాయంత్రాన్ని దేనికి పెడుతున్నాడు? "ఈ ఉచ్చు నేర్చుకోండి, ఎనిమిది ఎత్తుల్లో గెలవండి" అనే వీడియోలకు. స్టాఫర్డ్ గాంబిట్ అని ఒకటుంది. నల్లపావులవాడు ఒక బంటును ఊరికే వదిలేస్తాడు. ప్రత్యర్థి సహజంగా తోచే ఎత్తులు వేసుకుంటూ పోతే కొంప కూలుతుంది. చూడటానికి ఎంతో సరదాగా ఉంటుంది, కాదనను. కాని అవతలివాడు నిదానించి తన పావులను సర్దుకుంటే మీకు మిగిలేది ఒక బంటు తక్కువైన ఆట. మా కోఠీలో పాఠ్యపుస్తకం పక్కనే గైడు అమ్ముతారు, గైడు పక్కనే ముఖ్యమైన ప్రశ్నల కట్ట అమ్ముతారు. మూడోది కొన్నవాడు మొదటిదాన్ని తెరవడు. ప్రశ్న మారితే అతని పని అయిపోయినట్టే. ఈ ఉచ్చుల వీడియోలు చదరంగంలో ఆ మూడో రకం సరుకు. ఉచ్చుతో గెలిచిన ఆట నుంచి మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ ఆటలో మీరు అసలు ఆడనే లేదు.

ఇక్కడ ఎదుటి పక్షంవారు తమ బ్రహ్మాస్త్రాన్ని తీస్తారు: విశ్వనాథన్ ఆనంద్. మద్రాసు సోవియట్ సాంస్కృతిక కేంద్రంలోని తాల్ క్లబ్బులో మెరుపు ఆటలు ఆడి ఆడే కదా ఆయన అంతటివాడైంది అంటారు. నిజమే, అక్కడ ఆడాడు. కాని కథను మధ్యలో మొదలుపెట్టకూడదు. ఆరేళ్ళప్పుడు ఆట నేర్పింది తల్లి. తండ్రి ఉద్యోగరీత్యా ఫిలిప్పీన్స్‌లో ఉన్నప్పుడు టీవీలో చదరంగం కార్యక్రమం వచ్చేది. పిల్లవాడు బడిలో ఉన్న వేళ తల్లి ఆ ఆటలనూ చివర ఇచ్చే సమస్యనూ రాసి ఉంచేది; సాయంత్రం ఇద్దరూ కూర్చుని దాన్ని విప్పి జవాబు పంపేవారు. బహుమతిగా పుస్తకాలు వచ్చేవి. చివరికి, కావలసినన్ని పుస్తకాలు తీసుకుపో గాని ఇక జవాబులు పంపవద్దని వాళ్ళే అన్నారని ఆనంద్ చెప్పుకున్న సంగతి లోకవిదితం. క్లబ్బులోని మెరుపులు జనానికి కనబడ్డాయి, వాటికి ముందు తల్లి పక్కన కాగితం మీద గడిచిన సాయంత్రాలు కనబడలేదు. మన హైదరాబాదులోనే 2002లో ప్రపంచ కప్పు గెలిచిన ఆ మనిషి, 2017 డిసెంబరులో రియాద్‌లో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యాడు. అప్పటికి ఆయనకు 48 ఏళ్ళు. చేతివేగమే ర్యాపిడ్ అయితే ఆ వయసులో, సగం వయసు కుర్రాళ్ళ మధ్య, అది ఎలా సాధ్యమైంది?

మన గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి సంగతి ఇంకా చెప్పుకోదగినది. తండ్రి అశోక్ గారి దగ్గర నేర్చుకుని, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరు అయింది. బిడ్డ పుట్టిన కాలంలో రెండేళ్ళపాటు ఆటకు దూరంగా ఉంది. తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ కిరీటం గెలిచింది. 2024లో న్యూయార్కులో మళ్ళీ గెలిచింది. అక్కడ తొలి ఆటే ఓడిపోయింది! తొలి ఓటమికి పగ తీర్చుకోవాలని ఊగిపోయే మన రాత్రి ఆటలను ఒక్కసారి తలచుకోండి. ఆమె పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుంది; చివరి ఆటలో నల్లపావులతో ఇండోనేషియాకు చెందిన ఇరీన్ సుకందర్‌ను ఓడించింది. దశాబ్దాల నెమ్మది ఆటలో కూడబెట్టుకున్నదాన్ని పదిహేను నిమిషాల్లో ఖర్చు చేయగలగడం వేరు, ఏమీ కూడబెట్టకుండా ఖర్చు నేర్చుకోవాలనుకోవడం వేరు.

మరి ఏం చేయాలంటారా? నేను చేసేది చెబుతాను, నచ్చితే తీసుకోండి. రోజుకు ఒక్క ఆట, పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల అదనం. ఓడినా గెలిచినా రెండో ఆట లేదు. తరువాత గీతల నోటుపుస్తకంలో ఆ ఆటను చేత్తో రాస్తాను. ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించానో, అప్పుడు దేనికి భయపడ్డానో, అవతలివాడి ఏ ఎత్తు నేను ఊహించలేదో, తెలుగులో, నా మాటల్లో. కంప్యూటరు యంత్రాన్ని అడగడం అన్నిటికంటే చివర. ముందే అడిగితే అది జవాబు చెప్పేస్తుంది. జవాబు తెలిసిపోయాక ప్రశ్న మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. (మా పేటలో క్రికెట్ మ్యాచి ఫలితం తెలిశాక ఎవరైనా రికార్డింగు చూస్తారా?) వారానికి మూడు రోజులు, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట ఊడిన సమస్యల పుస్తకం ముందేసుకుని, చెక్కబల్ల మీద పావులు పేర్చి, ఒక్కొక్కదానికి పది నిమిషాలు పెడతాను. అయిపోతే మొదటి పేజీ నుంచి మళ్ళీ అవే. 2002లో మైకేల్ డి లా మాజా అనే అమెరికా ఔత్సాహికుడు ఇలా వెయ్యి సమస్యలను ఏడుసార్లు, ప్రతిసారీ సగం సమయంలో, తిరగేయమని ఒక పుస్తకం రాశాడు. పుస్తకం పేరు 'ర్యాపిడ్ చెస్ ఇంప్రూవ్‌మెంట్'. పేరులోని తొందర నాకు నచ్చలేదు, అతని జోరు మనుషులు తట్టుకునేది కాదు. అయినా అవే సమస్యలను మళ్ళీ మళ్ళీ చూడమన్న సలహా మాత్రం బంగారం. సందు తెలియాలంటే అదే సందులో నాలుగుసార్లు నడవాలి.

కుర్రవాడు ఈ పద్ధతిలో పడి రెండు నెలలైంది. అతని అంకె ఎంత పెరిగిందని అడగవద్దు, నేను అడగలేదు. నిన్న మాత్రం ఒక ఓడిన ఆటను పట్టుకొచ్చి, "ఇక్కడ నా శకటును మార్పిడి చేసుకోకుండా ఉండాల్సింది అంకుల్, అప్పుడు ఆ గుర్రానికి గడి ఉండేది కాదు" అన్నాడు. రెండేళ్ళలో "బుర్ర లేదు" అన్న ముక్క తప్ప తన ఆట గురించి ఒక్క మాట చెప్పలేనివాడు అన్న మాట ఇది.

"ఇంతా చేసి మీకేం ఒరుగుతుంది, గ్రాండ్‌మాస్టరు అవుతారా" అని అడిగేవారు మా వీధిలోనే ఉన్నారు. సుల్తాన్‌బజారులో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ భాషానిలయంలో పుస్తకాలు తిరగేసిన పాఠకులంతా కవులయ్యారా? ఒక పనిని బాగా చేయడంలో ఉన్న సుఖం ఆ పనితో బతికేవారికే రాసిపెట్టి ఉందని ఎవరన్నారు? నవాబులు చదరంగం ఆడుతూ రాజ్యం పోగొట్టుకున్న కథ కూడా చెబుతారు. ప్రేమ్‌చంద్ కథలోని ఆ దొరలిద్దరూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఆట మీద ఆట ఆడినవారే తప్ప, ఓడిన ఆటను రాసుకుని చూసుకున్నవారు కారు. నా మాట వింటే రోజుకు ఒక ఆటతో ముగించి, మిగిలిన పొద్దు రాజ్యం సంగతి చూసుకునేవారు.

ఒప్పుకోనివారు ఉంటారని తెలుసు. అలాంటివారు హైదరాబాదులో ఉంటే ఏ ఆదివారమైనా సాయంత్రం గౌలిగూడకు దయచేయండి. చెక్కబల్ల ఉంది, గడియారం ఉంది, టీ మా ఇంటిదే. పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు, ఒకే ఆట. ఒక్క షరతు: ఎవరు గెలిచినా, ఆట ముగిశాక గంటసేపు కూర్చుని దాన్ని మొదటి ఎత్తు నుంచి తిరగవేయాలి. ఫోన్లు బయట చెప్పుల పక్కన పెట్టి రావాలి.